కీర్తనయే పాఠశాల, ఉపదేశియే వ్యాఖ్యాత: దోర్నకల్ క్రైస్తవ సమాజమున విద్య, కాపరితనము

ఆంధ్ర వాఙ్మయ చరిత్రలయందు క్రైస్తవ వాఙ్మయమునకు దొరకిన తావు మిక్కిలి కొంచెము. 1818లో శ్రీరాంపురమున తెలుగు క్రొత్త నిబంధన అచ్చుపడుటయు, విదేశీయ పండితులు నిఘంటువులను వ్యాకరణములను కూర్చుటయు చెప్పి, మిషనరీ తెలుగు కృతకమని ఒక మాట చేర్చుటతో ఆ ప్రకరణము ముగియును. కీర్తనల ప్రసంగము వచ్చెనేని పురుషోత్తమ చౌదరి పేరొకటి చెప్పి ముందునకు సాగుట పరిపాటి. ఇందు చరిత్రకారుల దురుద్దేశమేదియు లేదు. వారు చేతబట్టిన కొలమానము కావ్యమునకు చేసినది; కీర్తనను కొలుచుటకు అది చాలదు. కావ్యము చదువరికొరకు వ్రాయబడును. కీర్తన చదువురాని వానికొరకు కట్టబడును. మొదటిదానికి పుటయే నివాసము. రెండవదానికి పుట తాత్కాలికమైన బస మాత్రమే.

కావున ఈ వ్యాసమున వేయదలచిన ప్రశ్న వేరు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు మంచి కవిత్వమా, కాదా అని గాక, అవి ఎవరి నడుమ ఏ పనిచేసినవి, ఆ పనికి వాని భాషయు రూపమును ఎంతవరకు తగియుండెను అని అడుగవలసియున్నది. ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు దోర్నకల్ పరిసరములకంటె అనువైన చోటు మరియొకటి కానరాదు.

ఓరుగల్లునుండి తొర్రూరు మీదుగ ఖమ్మమునకు పోవు దారిలో దంతాలపల్లి యున్నది. 2016లో జిల్లాల పునర్విభజనము జరిగినపుడు ఇది మహబూబాబాదు జిల్లాలో ఒక మండలమైనది. మహబూబాబాదును జనులు నేటికిని మానుకోట యనియే పిలుతురు. దంతాలపల్లికి తూర్పున దోర్నకల్, వాయవ్యమున పాలకుర్తి, బమ్మెర. ఒకవైపున ఇరువదవ శతాబ్దపు క్రైస్తవ సమాజమునకు ముఖ్యస్థానము. మరియొకవైపున పాలకురికి సోమనాథునికిని, పోతనకును పుట్టినయిండ్లు. ఈ సామీప్యము భౌగోళికమైన యాదృచ్ఛికత మాత్రమే యైనను, విమర్శకునకు ఇది ఒక దారి చూపుచున్నది.

సోమనాథుడు శివకవి, భక్తుల చరిత్రలను సామాన్యులకు అందింపవలెనని సంకల్పించినవాడు. గద్యపద్యములతో నిండిన ప్రౌఢరచన అందరికిని చేరదని యెంచి, జానుతెనుగును, ద్విపదను చేకొనెను. పండితారాధ్య చరిత్రమున తుమ్మెదపదములు, ప్రభాతపదములు, ఆనందపదములు, నివాళిపదములు, వెన్నెలపదములు మొదలగు జనుల పాటలను పేరుపేరున ఉటంకించెను. మత మెవరికొరకో వారి చెవికి పరిచితమైన రూపముననే బోధ యుండవలెనను సూత్రము తెలుగున నిన్నమొన్నటిది గాదు. విదేశమునుండి దిగినదియు గాదు. ఆ సూత్రము పుట్టిన నేలకు చేరువలోనే దానికి మరియొక పరీక్ష దోర్నకల్‌లో జరిగినది.

వేదనాయకము శామ్యూలు అజరయ్య 1874లో తిరునల్వేలి సీమయందలి వెళ్ళాలన్‌విళై గ్రామమున జన్మించెను. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు తమ ధనముతో, తమ మనుష్యులతో నడుపుకొనుటకై ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించిరి. దాని స్థాపకులలో అజరయ్య ముఖ్యుడు. ఆ సంఘము నిజాము రాజ్యమందలి మానుకోట తాలూకాను తన కార్యక్షేత్రముగ గైకొనెను. అజరయ్య 1909లో తానే సేవకుడై దోర్నకల్‌కు వచ్చెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయు డీయనయే. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే దివంగతుడగువరకు ఆ బాధ్యతను వహించెను. మాతృభాష తమిళము; ముప్పది యేండ్లు దాటిన పిదప తెలుగు నేర్చినవాడు. ఈయన నాయకత్వమును గూర్చి చరిత్రకారులు విశేషముగ వ్రాసిరి. సాహిత్య విద్యార్థికి కావలసిన అంశము మాత్రము ఒకటి: ఈయన సమాజమున అధికసంఖ్యాకులు మాలలు, మాదిగలు, పొలము పనిచేసి బ్రతుకువారు, అక్షరమెరుగనివారు.

నిజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాషయు అదియే. తెలుగును నిలుపుకొనుటకై 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయము వెలసినది. అది చదువుకొన్నవారి ప్రయత్నము. అదే కాలమున, అదే సీమయందు, ఊరి వెలుపలి వాడలో రాత్రిపూట దీపము వెలిగించి తెలుగు అక్షరములు దిద్దించిన మరియొక వ్యక్తి కలడు. ఆయనయే గ్రామోపాధ్యాయుడు. జనులు ఆయనను ఉపదేశి అనిరి, పంతులు అనిరి. 1935 నాటికి దోర్నకల్ అధ్యక్ష మండలమున ఇట్టివారు రెండువేలకు పైబడి యుండిరి. అప్పటికి ఆ మండలము నిజాము సరిహద్దును దాటి కృష్ణాతీరపు జిల్లాలకును వ్యాపించియుండెను. మన భాషోద్యమ చరిత్రలయందు గ్రంథాలయములకు దక్కిన గౌరవము ఈ రాత్రిబడులకు దక్కలేదు.

ఉపదేశి పని యేమి? పగలు పిల్లలకు బడి. ప్రొద్దుగ్రుంకి కూలిజనము ఇల్లు చేరిన పిమ్మట ప్రార్థన. రోగి యొద్ద కూర్చుండుట, తగవు తీర్చుట, త్రాగుడు మాన్పించుట, శవసంస్కారము నడుపుట, ఉత్తరము చదివిపెట్టుట. బాప్తిస్మము కోరువారికి విశ్వాస ప్రమాణమును, ప్రభువు నేర్పిన ప్రార్థనను, పది ఆజ్ఞలను కంఠస్థము చేయించుట. అభిషిక్తుడైన గురువు పెక్కు గ్రామములకు ఒక్కడు. అప్పుడప్పుడు వచ్చి సంస్కారములు జరిపి పోవును. దినదినము జనుల నడుమ నుండువాడు ఉపదేశియే. నేడు మనము విద్య వేరు, సంఘపాలనము వేరు, కాపరితనము వేరు అని మూడు శాఖలుగ విభజించి మాటలాడుచున్నాము. ఆ వాడలో ఆ మూడును ఒక్క మనుష్యుని భుజముపైననే యుండెను. ఆయన చేతనున్న పుస్తకములు బహు కొద్ది. వానిలో జనులకు చప్పున అబ్బినది ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథము.

ఆ కీర్తనల కర్తలలో ప్రధానుడు పురుషోత్తమ చౌదరి (1803–1890). పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబమునందు జన్మించి, పాండిత్యము గడించి, పిదప క్రైస్తవమును స్వీకరించినవాడు. శతకములును రచించెను, కీర్తనలు నూటికి పైబడినవి. పల్లవి, చరణములు, ప్రాసము, అంత్యానుప్రాసము, శీర్షమున రాగతాళముల పేర్లు: ఇది మన వాగ్గేయకారుల ఫక్కియే. శరణాగతి, ఆత్మనింద, నామస్మరణము, కరుణాయాచనము అను భక్తికీర్తన భావములు ఇందును ప్రధానములు. దేవుని పేరు మారినది. భక్తుడు మొరపెట్టు తీరు మారలేదు. ఖమ్మము సీమవాడే యైన భద్రాచల రామదాసు కీర్తనలు భజనమండలుల ద్వారమున ఊరూర వ్యాపించియుండుటచే, పల్లవిని పలుమారు తిప్పి పాడు పద్ధతి ఈ ప్రాంతపు చెవికి క్రొత్త గాదు. చౌదరి కీర్తన దోర్నకల్ వాడలో నాటుకొనుటకు నేల యీ విధముగ ముందే దున్నబడియుండెను.

అజరయ్య తమిళ సంప్రదాయమునుండి వచ్చుట ఇచ్చట గమనింపదగినది. తంజావూరి వేదనాయగ శాస్త్రి (1774–1864) కీర్తనలు తమిళ క్రైస్తవుల నిత్యజీవితమున భాగములు. హెచ్. ఏ. కృష్ణపిళ్ళ రచించిన రక్షణ్య యాత్రికము తమిళ సాహిత్య చరిత్రయందే స్థానము సంపాదించినది. దేశీయరూపమున స్తుతించుట అజరయ్యకు క్రొత్తగ నేర్చుకొనవలసిన సిద్ధాంతము గాదు; పెరిగిన యింటి అలవాటు. 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైన దోర్నకల్ ఎపిఫనీ దేవాలయమున గుమ్మటములును, మండపముల వంటి స్తంభములును కలిసియుండుట ఆ అలవాటునకు రాతిరూపము. అయినను రాతికంటె పాట విస్తారముగ వ్యాపించినది. దేవాలయమును చూడనివారు పెక్కురు. పాటను విననివారు లేరు.

ఇక కీర్తన బోధనసాధనముగ ఎట్లు పనిచేసినదో చూతము. ఉపదేశి ఒక పాదము పలుకును. జనులు మరల పలుకుదురు. పాదమునకు పాదము చేరి చరణమగును. ప్రాస జ్ఞాపకమునకు కొక్కెము వంటిది. ఒక పాదము నోటికి వచ్చినచో తరువాతి పాదపు మొదలు దానంతట అదియే తోచును. పల్లవి ప్రతి చరణమునకు పిమ్మట తిరిగివచ్చుటచే, చరణము మరచినవాడును పాటనుండి వెలియగుట లేదు. కావ్యదృష్టికి పునరుక్తి దోషము. పాఠదృష్టికి అదియే గుణము. అంత్యప్రాసకొరకు తెచ్చిన వ్యర్థపదములని పండితుడు కొట్టివేయుచోట, గొంతు ఊపిరి తీసికొనుటకు తగిన తావు కలదు. క్రీస్తు జననము, శ్రమలు, మరణము, పునరుత్థానము అను కథాక్రమము సంవత్సరపు పండుగల వరుసలో పాటలుగ అమరియుండుటచే, పుస్తకము తెరువనివాడును ఏటేట సువార్తకథను ఆద్యంతము నెమరువేసికొనును. ఇంతకంటె పకడ్బందీయైన పాఠ్యప్రణాళికను నిరక్షరాస్యులకొరకు రచించుట దుస్సాధ్యము.

కాపరితనమునకును ఇదియే ఉపకరణము. జ్వరపడినవాని మంచము చెంత ఉపన్యాసము పనికిరాదు. అచ్చట పాట పనికివచ్చును. చావు సంభవించిన యింట ఉపదేశికి మాట తోచనిచోట కీర్తన మాటయగును. పొలమునుండి మరలు స్త్రీలు, వంటకు బియ్యము కొలుచునపుడు దేవునికై ఒక పిడికెడు వేరుచేసి పెట్టు స్త్రీలు, పాటను ఇంటిలోనికి కొనిపోయిరి. బైబిలు స్త్రీలని పిలువబడినవారు ఇల్లిల్లు తిరిగి నేర్పిరి. అజరయ్య భార్య అన్బు మరియమ్మాళ్ బాలికల చదువునకై పాటుపడెను. సమాజముల చరిత్రను బిషప్పుల చరిత్రగ వ్రాయు అలవాటుచే, పాటను నిలిపిన ఈ గొంతులు మరుగునపడినవి.

ఇంతవరకు గుణములు. విమర్శ యనునది గుణకీర్తనముతో ముగియరాదు. ఈ వాఙ్మయమున మూడు కొరతలు స్పష్టముగ కానవచ్చుచున్నవి.

మొదటిది భాష. చౌదరి కీర్తనలయందు సంస్కృత సమాసములు మెండు. సోమనాథుని జానుతెనుగు సూత్రముతో సరిచూచినచో ఈ రచన సగము దూరము మాత్రమే నడచినదని చెప్పవలెను: రూపము జనులది, పదజాలము పండితునిది. తూర్పుతీరమున గ్రాంథికమున కట్టిన పాట మానుకోట వాడలో పాడబడినపుడు, పాడువారు అర్థము గ్రహించిరా, ధ్వనిని మాత్రమే గ్రహించిరా? ఈ ప్రశ్నను దాటవేయుట తగదు. అయితే ఇచ్చటనే ఉపదేశి ప్రాముఖ్యము తేటపడును. ఆయన పాట నేర్పుటతో ఊరకుండలేదు. సమాసము విడదీసి, ఊరిమాటలో దానిని విప్పి చెప్పవలసివచ్చెను. కీర్తన సూత్రము వంటిది. ఉపదేశి మౌఖికముగ చెప్పిన వివరణము భాష్యము వంటిది. మన సంప్రదాయమున సూత్రము భాష్యముతో గూడ చదువబడును. ఈ వాఙ్మయమున సూత్రము అచ్చుపడినది, భాష్యము గాలిలో కలిసిపోయినది. మిషనరీ తెలుగు కృతకమని తీర్పుచెప్పిన పండితుడు చూచినది సగము గ్రంథము మాత్రమే.

రెండవది సంగీతము. వాడలోని జనులు నిరక్షరాస్యులే గాని నిర్విద్యులు గారు. డప్పు వారిది. చిందు యక్షగానము మాదిగలను ఆశ్రయించిన చిందువారిది. గంటలకొలది కథను గానముతో నడుపు ధారణాశక్తి ఆ సమాజములకు తరతరముల ఆస్తి. క్రొత్తగ విశ్వాసులైనవారు గ్రామదేవతల జాతరలయందు డప్పు కొట్టరాదని నియమము ఏర్పడినది. ఆ నియమమునకు రెండు ముఖములు. వెట్టిగ చేయవలసిన ఒక హీనసేవనుండి అది విముక్తి. ఊరిపెద్దలతో కలహమునకు వెరువక డప్పును క్రింద పెట్టుట ఆత్మగౌరవ ప్రకటనము. కాని డప్పుతోపాటు ఆ డప్పు చుట్టు పెరిగిన కళయు గుడివాకిటనే నిలిచిపోయినది. దేశీయరూపమును ఆహ్వానించిన సమాజము, దేశీయములందు భజనకీర్తనను లోనికి రానిచ్చి, ఆ జనుల సొంతరూపమును చిరకాలము వెలుపల నుంచినది. దేశి యనునది ఒక్కటి గాదనియు, అందును మీది మెట్టు, క్రింది మెట్టు కలవనియు ఈ యుదాహరణము తెలుపుచున్నది. సోమనాథుని మొదలు నేటివరకు దేశిని గూర్చి వ్రాయువారు ఈ భేదమును పాటించుట అవసరము.

మూడవది భావము. కీర్తనలలోని వక్త ఏకవచనము: పాపినైన నేను, శరణుజొచ్చిన నేను. వాడలోని జనులు క్రైస్తవులైనది కుటుంబములుగ, కొన్నిచోట్ల వాడకు వాడగ. వారి బాధ పాపభారము మాత్రమే గాదు; వెట్టిచాకిరి, అప్పు, ఆకలి. దేవుని యెదుట నేను అని నిలిచి పలుకుట ఈ కీర్తనలు నేర్పినవి. అది అల్పము గాదు. తరతరములుగ ఎవని యెదుటను నేను అనుటకు వీలులేక పోయినవానికి ఆ పదమొక విద్య. కాని దొర యెదుట మేము అనుట ఈ గ్రంథమున నేర్పబడలేదు. ఆ పాఠమును 1946–51 నడుమ ఇదే జనగామ, మానుకోట ప్రాంతములయందు తెలంగాణ సాయుధ పోరాటపు పాటలును, బుర్రకథలును నేర్పినవి. రెండు వాఙ్మయములును చదువురాని శ్రోతనే ఉద్దేశించినవి. పల్లవిని తిప్పి పాడించుట అను ఉపాయమునే రెండును చేపట్టినవి. వీనిని ప్రక్కప్రక్కన ఉంచి చదివిన పరిశోధన మన శాఖలలో జరుగవలసియున్నది.

ఈ మూడవ కొరతకు సమాధానముగ ఒక మాట చెప్పవచ్చును. అజరయ్య సమాజమున ఆత్మగౌరవ శిక్షణము పాటద్వారమున గాక ఆచరణద్వారమున జరిగినది. తమ కానుకలతో తమ ఉపదేశిని పోషించుకొనుట, సహకార సంఘములు, ఏటేట సాక్ష్యవారమున కూలివాడే బయలుదేరి తన విశ్వాసమును గూర్చి పలుకుట. ఇది సత్యమే. సాక్ష్యవారమున మాటలాడినవాడు ఆవరకు సభలో నోరువిప్పనివాడు. అయినను వాఙ్మయవిమర్శకు దొరకునది వాక్కు. ఆ వాక్కు కీర్తనగ్రంథమున చేరలేదు. చేరియున్నచో ఆ గ్రంథము మరింత సంపన్నమై యుండెడిది.

ఇచ్చట మరియొక విశేషమును విస్మరింపరాదు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడి, ఆంగ్లికను, మెథడిస్టు మొదలగు సమాజములు ఏకమయ్యెను. ఆ యైక్యమునకై పాటుపడిన అజరయ్య దానిని చూడకయే కన్నుమూసెను. బాప్తిస్టులును, ఆంధ్ర లూథరనులును అందు చేరలేదు. కాని వారందరును పాడుకొన్నది ఒక్క కీర్తనల గ్రంథమునే. ఒక్క బల్లచెంత భోజనము చేయలేనివారిని ఒక్క పాట కూర్చోబెట్టినది. తర్కము చేయలేనిది భాష చేసినదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

తెలుగు సాహిత్యలోకము క్రైస్తవ వస్తువును ఆదరింపలేదని చెప్పుట పొరపాటు. గుఱ్ఱము జాషువ క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. అది పద్యకావ్యము, పండితుని కొలమానమునకు అందినది. జాషువయు ఒకప్పుడు గుంటూరిలో లూథరను పాఠశాలయందు ఉపాధ్యాయుడే. ఆయన పద్యము విశ్వవిద్యాలయమున పాఠ్యమైనది. ఆయన తోటి ఉపాధ్యాయులు వాడవాడల నేర్పిన కీర్తన పాఠ్యము కాలేదు. రెండింటికిని తావుగల చరిత్ర వ్రాయుటకు కొలమానములు రెండు కావలెను.

నేడు పరిస్థితి మారినది. బడి ప్రభుత్వము చేతికో, ప్రత్యేక సంస్థల చేతికో పోయినది. ఉపదేశి యను పదమే పలుచోట్ల వాడుక తప్పినది. కీర్తన ఫోనులో వినబడుచున్నది, దేవాలయపు గోడమీది తెరపై కనబడుచున్నది. పాట పోలేదు, పాటను విప్పి చెప్పు మనుష్యుడు తగ్గినాడు. కావున సమాసము మరల సమాసముగనే మిగులుచున్నది. పాట నేర్పి అర్థము చెప్పకుండుట విద్యయు గాదు, కాపరితనమును గాదు. ఇది క్రైస్తవ సమాజమునకే గాక తెలుగు బోధించు మనకందరికిని వర్తించును. పద్యము వల్లెవేయించి భావమును పరీక్షకొరకు మాత్రమే చెప్పు మన తరగతిగదులను తలచుకొనుడు.

పరిశోధక విద్యార్థులకు చేయవలసిన పని స్పష్టముగ ఉన్నది. మానుకోట, దంతాలపల్లి, తొర్రూరు, దోర్నకల్ పరిసరములయందు ఉపదేశుల యొద్ద పాట నేర్చిన ముదుసలులు కొందరైన ఇంకను ఉందురు. కీర్తనలు పుస్తకమున దొరకును. వారి నోటనున్నది కీర్తన గాదు, కీర్తనకు ఉపదేశి చెప్పిన అర్థము. ఏ పదమును ఏ ఊరిమాటతో విప్పెను, ఏ చరణమును ఏ కష్టమున పాడించెను, ముద్రితమైన రాగమును ఏ వరుసలోనికి మార్చెను అని అడిగి వ్రాసికొనవలెను. తాళపత్రములు చెదలుపట్టిన పిమ్మటను కొన్ని మిగులును. మనుష్యుని జ్ఞాపకమునకు ఆ యవకాశము లేదు. పాలకురికి సోమనాథుడు జనుల పదముల పేర్లను తన గ్రంథమున ఎక్కించినందువలననే అట్టివి ఉండెనని నేడు మన మెరుగుదుము. ఆ పొరుగుననే పుట్టిన ఈ మౌఖిక భాష్యమునకు అట్టి లేఖకుడు ఇంకను లభింపలేదు.